8085 కిట్ ముందు ఓ మధ్యాహ్నం

గుంటూరు పక్కన ఓ ఇంజనీరింగ్ కాలేజీ. భోజనాలయ్యాక మైక్రోప్రాసెసర్ ల్యాబ్. బల్లకు ఇద్దరు చొప్పున సర్దుకుని కూర్చున్నారు. నీ ముందు మానిటర్ లేదు, మౌస్ లేదు. ఉన్నదల్లా ఓ సర్క్యూట్ బోర్డు, దాని మీద ఎర్రగా వెలిగే ఆరంకెల డిస్‌ప్లే, హెక్సా కీప్యాడ్, నడుమ 40 పిన్నుల నల్లటి చిప్. అది ఇంటెల్ 8085.

1976లో వచ్చిన చిప్ ఇది. లోపల ఉన్నవి దాదాపు 6,500 ట్రాన్సిస్టర్లు. నీ జేబులోని ఫోన్ ప్రాసెసర్‌లో అవి వందల కోట్లుంటాయి. దాన్ని ఏ ఒక్కరూ అడుగు నుంచి అంచు దాకా మనసులో పట్టుకోలేరు. దీన్ని మాత్రం ఓ సెమిస్టర్‌లో ఆమూలాగ్రం తెలుసుకోవచ్చు. ఈ బల్ల మీద దీనికి ఇంకా చోటుండటం అందుకే న్యాయం.

ఇవాళ్టి ఎక్స్‌పెరిమెంట్ కూడిక. 9కి 8 కలపాలి. అబ్జర్వేషన్ బుక్కులో గడులు గీసుకొచ్చావు: అడ్రస్, ఆప్‌కోడ్, నిమోనిక్, కామెంట్. నిమోనిక్ గడిలో ఐదు వరుసలున్నాయి. ఎంవీఐ ఎ, 09. ఎంవీఐ బి, 08. యాడ్ బి. ఎస్‌టీఏ 8050. హాల్ట్. ఆప్‌కోడ్ గడి ఇంకా ఖాళీ. ఇక్కడ అసెంబ్లర్ లేదు, ఆ పని నీదే.

ఆప్‌కోడ్ షీటు చూసి ఎక్కించుకుంటుంటే బోర్డు దగ్గర్నుంచి సార్ గొంతు వినిపిస్తుంది. "బట్టీ పట్టకండమ్మా, బిట్లుగా విడగొట్టి చూడండి." 3ఇ అని రాసి, కింద 00 111 110 అని రాశారు. నడిమి మూడు బిట్లు రిజిస్టర్ పేరు. 111 అంటే ఎ. అక్కడ 000 పెడితే బి, అంటే 06. మూవ్ ఆజ్ఞలన్నీ 01తో మొదలవుతాయి. ఆ తర్వాతి మూడు బిట్లు ఎక్కడికో చెబుతాయి, చివరి మూడు ఎక్కడి నుంచో. 110 వస్తే రిజిస్టర్ కాదు, మెమరీ.

"సార్, రెండు చోట్లా 110 పెడితే? మెమరీ నుంచి మెమరీకేనా?" వెనక బల్ల నుంచి ఓ అమ్మాయి అడిగింది.

సార్ మొహం వెలిగిపోయింది. 01 110 110 అని రాసి, పక్కన 76 అన్నారు. హాల్ట్! పనికిరాకుండా మిగిలిన ఆ గడిని యంత్రాన్ని ఆపే ఆజ్ఞకు వాడుకున్నారన్నమాట. నీ చేతిలోని షీటు ఇక అంకెల పట్టికలా కనిపించదు. ప్రతి గడి వెనకా ఎవరో కూర్చుని ఆలోచించారు.

రీసెట్. 8000. నీ స్నేహితుడు చదువుతుంటే నువ్వు కొడుతున్నావు. 3ఇ, నెక్స్ట్. 09, నెక్స్ట్. 06, 08, 80. "32 అయ్యాక 50 కొట్టి, అప్పుడు 80 కొట్టరా. లోయర్ బైట్ ముందు." చివర 76.

గో, 8000, ఎగ్జిక్యూట్. డిస్‌ప్లే మీద ఇ అక్షరం నిలిచింది. అంతే. కిట్ మీది క్రిస్టల్ 6.144 మెగాహెర్ట్జ్, చిప్ దాన్ని లోపల సగం చేసుకుంటుంది. నీ ఐదు ఆజ్ఞలకు పట్టేది 7, 7, 4, 13, 5 చొప్పున మొత్తం 36 క్లాక్ స్టేట్లు. దాదాపు 12 మైక్రోసెకన్లు. మీట మీంచి వేలు లేవకముందే పనైపోయింది.

8050 తెరిస్తే 11 ఉంది. హెక్సాలో 11 అంటే మన 17. కూడిక సరైనదే. కానీ డిస్‌ప్లే మీద 17 అనే కనబడాలంటే? 8005లో 27 చేర్చి, మిగతా బైట్లు ఒక్కో అడ్రస్ కిందికి జరిపి మళ్లీ కొట్టావు. 27 అంటే డీఏఏ. 9, 8 కలిసి కింది నాలుగు బిట్లు పొంగినప్పుడు ఆగ్జిలరీ క్యారీ ఫ్లాగ్ నిలబడింది. డీఏఏ దాన్ని చూసి 6 కలిపింది. ఇప్పుడు 8050లో 17.

ఇంతలో సార్ మీ బల్ల దగ్గరికొచ్చారు. "ఈసారి 8001 నుంచి నడపండి."

"అక్కడున్నది డేటా కదా సార్, 09?" అన్నాడు నీ స్నేహితుడు.

"అది నీకు తెలుసు. దానికి తెలుసా?"

షీటులో 09 వెతికావు. ఉంది! డాడ్ బి. బీసీ జంటను హెచ్‌ఎల్ జంటకు కలపమనే ఆజ్ఞ. గో నొక్కావు. యంత్రం అభ్యంతరం చెప్పలేదు. కలపమన్నది కలిపి, 06 దగ్గరికి నడిచి, 76 దాకా వెళ్లి ఆగింది. నువ్వు కూడమని ఇచ్చిన తొమ్మిదే దానికి ఆజ్ఞ అయింది.

ఇప్పుడు నీ ప్రోగ్రాంనే మళ్లీ చూడు. 8004లో 80 ఉంది, 8008లోనూ 80 ఉంది. మొదటిది యాడ్ బి. రెండోది 8050 అనే అడ్రస్‌లో సగం. ఎనిమిది బిట్లూ అవే, తేడా వాటిలో లేదు. ఆజ్ఞ కోసం తెచ్చిన బైటు ఇన్‌స్ట్రక్షన్ రిజిస్టర్‌లోకి పోతుంది. దాని వెంట తెచ్చింది అడ్రస్‌గానో డేటాగానో చెలామణీ అవుతుంది. ప్రోగ్రాం కౌంటర్ ఏ వంతులో వచ్చి చదివిందో, అదే ఆ బైటుకు అర్థం.

1945లో వాన్ నాయ్‌మన్ ఎడ్వాక్ యంత్రం గురించి రాసిన నివేదికలో ఉన్నది ఈ ఆలోచనే: ఆజ్ఞలూ, అంకెలూ ఒకే మెమరీలో. కంపైలర్ ఓ ప్రోగ్రాంను డేటాలా తయారుచేసి ఇవ్వగలగడం, ఫోన్‌లోకి దిగిన ఫైలు యాప్‌గా నడవడం దాని చలవే. బఫర్ ఓవర్‌ఫ్లో దాడులకు దారి తెరిచిందీ అదే. ఎవరో పంపిన అక్షరాల మీదికి ప్రోగ్రాం కౌంటర్‌ను మళ్లించగలిగితే చిప్ వాటినే ఆజ్ఞలుగా నడుపుతుంది. అందుకే తర్వాతి ప్రాసెసర్లు కొన్ని మెమరీ పేజీల మీద 'ఇక్కడివి నడపొద్దు' అని గుర్తు పెట్టుకునే ఏర్పాటుతో వచ్చాయి. ఇవన్నీ పై క్లాసుల్లో పెద్ద పాఠాలుగా వస్తాయి. వాటి మూలాన్ని మాత్రం నువ్వు ఇవాళ పది బైట్లలో నీ వేళ్లతోనే నడిపి చూశావు.

సెమిస్టర్ చివర వైవాలో ఎక్స్‌టర్నల్ నీ రికార్డు తిరగేస్తూ అడుగుతారు. "80 అంటే ఏంటి?"

"ఏ అడ్రస్‌లో ఉన్న 80 సార్?" అంటావు నువ్వు.

ఎదురుప్రశ్నే అయినా, ఆయన అడిగినదానికి సరైన జవాబు అదే.