దండామి మారియాల నృత్యవేషం

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో, ముఖ్యంగా ఇంద్రావతి నదికి దక్షిణాన నివసించే దండామి మారియాలు (గోండులలో ఒక శాఖ) పెళ్ళిళ్ళలో ఆడే గౌర్ నృత్యపు వేషం మానవశాస్త్ర పరిశోధకులను ఎంతగానో ఆకర్షించింది. బస్తర్ సంస్థాన పరిపాలకుడిగా పనిచేసిన డబ్ల్యు.వి. గ్రిగ్సన్ 1938లో వెలువరించిన గ్రంథంలో, తలపాగా అలంకరణను బట్టే వీరిని అడవిదున్న కొమ్ముల మారియాలుగా పేర్కొని, అబూజ్‌మాడ్ కొండ మారియాల నుంచి వేరుచేసి వర్ణించాడు. 1943లో వెరియర్ ఎల్విన్ కూడా వీరిపై ఒక గ్రంథం ప్రచురించాడు.

పురుషుల శిరోభూషణంలో వెదురు అల్లికకు రెండు కొమ్ములు బిగించి, పైన ఈకల కుచ్చు నిలిపి, ముందు గవ్వల సరాలు వేలాడదీస్తారు. తల ఊపినప్పుడల్లా ఆ సరాలు కదలుతూ ముఖాన్ని సగం కప్పుతాయి. మెడలో పొడవాటి డోలు వేలాడుతుంది. స్త్రీలు నుదుట ఇత్తడి పట్టీ ధరించి, ఇనుప కర్రను నేలకు తాటిస్తూ అడుగులు వేస్తారు.

ఈ వేషాన్ని పరిశోధించేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది: పాత నలుపు తెలుపు ఛాయాచిత్రాలు ఆకృతిని చూపుతాయి గాని రంగులను చూపవు. అందువల్ల నాటి రాతపూర్వక వర్ణనలను, మిగిలిన వస్తువులను, అన్నిటికంటే ముఖ్యంగా ఆ వేషాన్ని నేటికీ కట్టేవారి జ్ఞానాన్ని కలిపి చూడవలసి ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవిదున్న వేటను నిషేధించడంతో, తరతరాలుగా వచ్చిన పాత కొమ్ముల విలువ మరింత పెరిగింది. ఈకలను, గవ్వలను మాత్రం మార్చుకునే వీలుంది గనుక ఒకే శిరోభూషణంలోని భాగాలన్నీ ఒకే కాలానివని భావించడం పొరపాటు. గోదావరి పరీవాహకంలోని కోయల కొమ్ము నృత్యంలోనూ ఇటువంటి వేషమే ఉన్నందున, తెలుగు ప్రాంత పరిశోధకులకు ఈ రెండింటి తులనాత్మక అధ్యయనం ఎంతో ఫలవంతమైనది.