పని అడిగిన చదువు

శంషాబాద్ విమానాశ్రయానికి తూర్పున, శ్రీశైలం రోడ్డుకు దగ్గరగా ఉన్న ఊరు మంఖాల్. దాని చుట్టుపక్కల పాతికేళ్లలో జరిగినవాటిని తేదీల వారీగా పేర్చి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1999లో శంషాబాద్ పక్కన కాచారంలో వర్ధమాన్ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. 2006లో ఈ ప్రాంతానికి ఫ్యాబ్‌సిటీ ప్రకటించారు, చిప్పులు ఇక్కడే తయారవుతాయన్నారు. ఆ ఫ్యాక్టరీ రాలేదు. అదే భూముల్లో తర్వాత సోలార్, ఎలక్ట్రానిక్స్ యూనిట్లు వెలిశాయి. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైంది, ఆ ఏడాది చివర్లో ఔటర్ రింగ్ రోడ్డు తొలి భాగం తెరిచారు. 2018లో మంఖాల్ తుక్కుగూడ మునిసిపాలిటీలో కలిసింది. అంటే ఇక్కడ ముందు కాలేజీ వచ్చింది, ఆ కాలేజీ పిల్లలకు కావలసిన పని తర్వాత వచ్చింది. కొంత పని అసలు రానేలేదు. తెలుగు నేల మీద సాంకేతిక విద్య మొదలైన తీరు దీనికి పూర్తిగా భిన్నం. అప్పట్లో పనే కాలేజీని పుట్టించేది. ఆ వరుస తిరగబడటమే మన వృత్తి చదువుల బలహీనతకు మూలమని నా వాదన.

1794లో మద్రాసులో ఎనిమిది మంది కుర్రాళ్లతో ఒక సర్వే స్కూలు తెరిచారు. నేటి గిండీ ఇంజనీరింగ్ కాలేజీకి అదే మొదలు. పెట్టిన మనిషి మైకేల్ టాపింగ్. కుంపిణీకి భూములు కొలిచే మనుషులు కావాలి, ఇంగ్లాండు నుంచి రప్పిస్తే ఖర్చెక్కువ. అందుకని అనాథాశ్రమంలోని పిల్లలను తీసుకుని చేతికి కొలత గొలుసిచ్చాడు. కృష్ణా గోదావరుల నీటిని పొలాలకు మళ్లించే వీలుందేమోనని కొలతలు వేసినవాడూ ఆయనే. 1796లో మచిలీపట్నంలో జ్వరంతో చనిపోయాడు. తర్వాతి సంస్థల్లోనూ ఇదే పోలిక. నిజాం రాజ్యంలో 1929లో ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ వచ్చేనాటికి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టడాలు పూర్తయ్యాయి, కాలువలకూ రోడ్లకూ మనుషుల అవసరం కళ్లముందుంది. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన వరంగల్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ పంచవర్ష ప్రణాళికల అవసరం. 1965లో హైదరాబాద్‌లో మొదలై ఇప్పుడు జేఎన్‌టీయూ కాలేజీగా నడుస్తున్నదాని తొలి పేరు నాగార్జునసాగర్ ఇంజనీరింగ్ కాలేజీ. ఒక డ్యామ్ పేరే కాలేజీ పేరైన రోజులవి.

1977లో విజయవాడ సిద్ధార్థ కాలేజీతో ప్రైవేటు శకం మొదలైంది, హైదరాబాద్‌లో 1979లో సీబీఐటీ వచ్చింది. 1983లో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం, 1986 నుంచి ఎంసెట్, 2008లో ఫీజు రీయింబర్స్‌మెంటు... ఈ చరిత్రంతా సీటు చుట్టూ తిరిగింది. ఎవరికి దక్కాలి, ఎంతకు దక్కాలి, ఏ ర్యాంకుకు దక్కాలి అన్నదే చర్చ. ఆ సీటులో కూర్చున్నవాడికి ఏ పని నేర్పాలన్న చర్చ చట్టసభల్లో గానీ కోర్టుల్లో గానీ దానిలో పదో వంతు జరగలేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఒక దశలో కాలేజీల సంఖ్య 700 దాకా పోయింది. తర్వాత చాలా కాలేజీలు మూతపడ్డాయి.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది, అది తేలిగ్గా తోసేయదగ్గది కాదు. ఆ కాలేజీలు లేకపోతే మహేశ్వరం, కందుకూరు వైపు పల్లెల నుంచి, బడి మొహం చూడని ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు బీటెక్ అనే మాట దగ్గరికైనా వచ్చేవారా? రాలేకపోయేవారు. సీటు కోసం జరిగిన పోరాటం న్యాయమైనదే. కానీ తలుపు తెరవడంతో బాధ్యత తీరిపోలేదు. ఇంట్లో పాఠం చెప్పేవాళ్లు లేని పిల్లకు కాలేజీలో దొరికే అధ్యాపకుడే దిక్కు. ఆ అధ్యాపకుడికి పాఠం చెప్పడం ఎవరు నేర్పారు? ఒకటో తరగతి చెప్పాలంటే ఉపాధ్యాయ శిక్షణ తప్పనిసరి. ఇంజనీరింగ్ చెప్పాలంటే ఎంటెక్ పట్టా ఉంటే చాలని దశాబ్దాల పాటు నడిపించాం. కొత్తగా చేరే సాంకేతిక అధ్యాపకులకు ఎనిమిది మాడ్యూళ్ల శిక్షణను సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ రూపొందించేసరికి 2018 వచ్చింది. అప్పటికి ఎన్ని బ్యాచ్‌లు బోర్డు మీది నోట్సు ఎక్కించుకుని బయటపడ్డాయో!

టెక్నాలజీతో బోధన మనకు తెలియక కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు నడిచిన సైట్ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల 2,400 పల్లెలకు ఉపగ్రహం నుంచి నేరుగా టీవీ పాఠాలు అందాయి. మన రాష్ట్రంలో ఎంపికైన జిల్లాల్లో అప్పటి హైదరాబాద్ జిల్లా కూడా ఉంది. రంగారెడ్డి జిల్లా ఇంకా విడిపోలేదు. కోడిగూళ్లకు వాడే ఇనుప వలతో చేసిన పది అడుగుల డిష్షు ఆకాశం వైపు తిప్పి నిలబెట్టేవారు. నన్నడిగితే ఆ ప్రయోగంలో అన్నిటికన్నా విలువైన భాగం పిల్లల పాఠాలు కూడా కాదు. 1975 అక్టోబరులో, మళ్లీ 1976 వేసవిలో, పన్నెండేసి రోజుల పాటు వేలాది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు సైన్సు చెప్పే పద్ధతి మీద అదే టీవీ ద్వారా శిక్షణ ఇచ్చారు. ముందు గురువుకు నేర్పాలన్న ఆ ఆలోచన తర్వాత కాలేజీల దాకా రాలేదు.

పని ముందు, చదువు తర్వాత అన్న పాత వరుస మళ్లీ కనబడింది 108 అంబులెన్సు సేవలో. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈఎంఆర్‌ఐ అనే సంస్థ ఆ సేవ మొదలుపెట్టినప్పుడు అంబులెన్సుల కన్నా పెద్ద కొరత లోపల కూర్చునే మనిషి. దాంతో ఉద్యోగం కోసం చూస్తున్న సైన్సు డిగ్రీ కుర్రాళ్లను తీసుకుని ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్లుగా (ఈఎంటీలుగా) తయారుచేశారు. ఆ శిక్షణ చేతుల్లోకి దిగాల్సిన శిక్షణ. ఆగిన గుండెకు చేసే సీపీఆర్ అయితే, బొమ్మ ఛాతీ మధ్యలో, మణికట్టు దగ్గరి అరచేతి భాగం ఆనించి, మోచేతులు వంచకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. ముప్పై నొక్కులకు రెండు శ్వాసలు. లోతు తగ్గితే లెక్కలోకి రాదు. దారిలో గర్భిణికి నొప్పులు ముదిరితే, పైలట్ అని పిలిచే డ్రైవరు బండి పక్కకు ఆపాలి, కాల్ సెంటర్‌లోని డాక్టరు ఫోన్‌లో చెబుతుంటే ఈఎంటీ పురుడు పోయాలి. 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం సహకారంతో రెండేళ్ల పారామెడిక్ కోర్సు కూడా మొదలుపెట్టారు. ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ప్రత్యేక వైద్య విభాగంగా మెడికల్ కౌన్సిల్ గుర్తించింది 2009లో. మెడికల్ కాలేజీ కన్నా అంబులెన్సే ముందు నడిచింది.

విమానాశ్రయం లోపలా ఇదే క్రమశిక్షణ. రన్‌వే మీద ఏ మూలకైనా రెస్క్యూ బండి మూడు నిమిషాల్లో చేరాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. రెండేళ్లకోసారి పూర్తి స్థాయి ప్రమాద విన్యాసం చేసి చూపించాలి. అక్కడ చదువును పరీక్ష పేపరు కొలవదు, గడియారం కొలుస్తుంది.

పని కోసం పుట్టిన చదువు మనిషిని ఆ పనికే కట్టేస్తుందని మరో విమర్శ. ఇందులో నిజం ఉంది. టాపింగ్ శిష్యులు గొలుసు పట్టి కొలిచారు, పెద్ద కొలువులు మాత్రం దొరల చేతిలోనే ఉండిపోయాయి. ఆ స్కూలు సివిల్ ఇంజనీరింగ్ కాలేజీ కావడానికి 1859 దాకా ఆగాల్సి వచ్చింది. ఈఎంటీల కథా అంతే. ప్రాణాలు కాపాడే పనికి చాలాకాలం చట్టంలో పేరే లేదు, జీతాల కోసం పదేపదే సమ్మెకు దిగాల్సి వచ్చింది. 2021 నాటి అనుబంధ వైద్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం మొదటిసారి ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టును గుర్తింపున్న వృత్తుల జాబితాలో చేర్చింది. అయితే ఇది ఆ శిక్షణ తప్పు కాదు, దాని పైన మెట్లు కట్టని మన తప్పు. ఔటర్ రింగ్ రోడ్డు ప్రమాదాల్లో ఏళ్ల తరబడి పనిచేసిన ఈఎంటీ ఇప్పుడు డిగ్రీ చదవాలనుకుంటే, అతని అనుభవాన్ని క్రెడిట్లుగా లెక్కగట్టి రెండో ఏడాదిలోనో మూడో ఏడాదిలోనో చేర్చుకునే దారి ఉండాలి. ఇంజనీరింగ్‌లో డిప్లొమా పిల్లలను ఈసెట్ ద్వారా నేరుగా రెండో ఏడాదిలో చేర్చుకుంటూనే ఉన్నాం కదా, అంబులెన్సు మనిషికి ఆ మాత్రం చేయడానికి అడ్డేమిటి?