వేషము మార్చిన వంచన

వంచన నేఁడు పుట్టినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నాలుగవ అధికరణమునకు 'కంటకశోధనము' అని పేరు. కంటకమనఁగా ముల్లు. దొంగతూనికల వర్తకులను, రహస్యమార్గములఁ బ్రదుకువారిని ఆ శాస్త్రకారుఁడు ప్రజల పాలిటి ముండ్లుగా నెంచి, వారిని వెదకి తీయుట రాజధర్మమని విధించెను. ముల్లు త్రోవలోఁ గనఁబడదు. గ్రుచ్చుకొన్న పిమ్మటఁ గాని తెలియదు. వంచకుఁడును అట్టివాఁడే.

పందొమ్మిదవ శతాబ్దమున బాటసారులు ఠగ్గుల పేరు విన్న వడఁకుచుండిరి. ఠగ్గనఁగా మోసగాఁడని యర్థము. వారి నణఁచుశాఖకు 1835లో స్లీమన్ పెద్ద యధికారి యయ్యెను. 1836లో ప్రత్యేక చట్టము వెలువడెను. నిజాము కొలువున నుండిన మెడోస్ టెయిలర్ 1839లో వారిని గూర్చి యొక నవలను ప్రకటించెను. నాఁటి అధికారుల వర్ణనలలో అతిశయోక్తి యెంత యని నేఁటి చరిత్రకారులు వాదించుచున్నారు. అయినను ఆ వ్రాతలలోఁ గనఁబడు పద్ధతి యొక్కటే: మొదట స్నేహము, పిమ్మట నమ్మకము, తుదకు ఉరి. వారి ప్రథమాయుధము రుమాలు కాదు, తీయని మాట.

1806లో వెలసిన సికిందరాబాదునకు 1874లో రైలు వచ్చెను. ఆ స్టేషనుకు చేరువనే మా బోయిగూడ యున్నది. ఊరినుండి రైలు దిగిన పల్లెవాసికి, ఎదుటివాఁడు ఎంతటి మాయగాఁడైనను, వాని ముఖము చూచుటకు, తడఁబాటు కనిపెట్టుటకు కొంత యవకాశముండెను. 1876లో గ్రాహంబెల్లు టెలిఫోనునకు హక్కు పొందెను. 1882లో కలకత్తా, బొంబాయి, మదరాసులకు టెలిఫోను వచ్చెను. 1995 జూలై 31న మన దేశమున మొదటి సెల్‌ఫోను సంభాషణ జరిగెను. 2016లో యూపీఐ వచ్చి, అరచేతిలోని ఫోనే డబ్బుసంచి యయ్యెను. ఇట్లు ముఖము మఱుఁగై మాట మాత్రము మిగిలెను; ఆ మాట వెంబడి ధనమును పోఁజొచ్చెను.

నేఁటి ఠగ్గు బాటలోఁ గాచియుండఁడు. మనమే వానిని వెదకికొని పోవుదుము. బ్యాంకులోనో, గ్యాసులోనో చిక్కు వచ్చినప్పుడు కస్టమర్ కేర్ నంబరు కొఱకు ఇంటర్నెట్టున వెదకుదుము. అచ్చట మోసగాండ్రు ముందుగనే తమ నంబరుల నుంచి కూర్చుందురు. మర్యాదగా మాటాడి, "మీ డబ్బు తిరిగి పంపెదను, పిన్ నొక్కుఁడు" అందురు. లేదా దూరమునుండి మన ఫోనును చూపు నొక యాప్‌ను దింపుకొమ్మందురు. అట్టి యాప్‌లవలన రాఁగల ముప్పును గూర్చి రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించెను. కొందఱు తామే పిలిచి, ఈ రాత్రి కరెంటు తీసివేయుదుమనియు, పోలీసులమనియు బెదరింతురు. 'డిజిటల్ అరెస్టు' అనునది మన చట్టమున లేనే లేదు.

కావున మూఁడు మాటలు గుర్తుంచుకొనుఁడు. డబ్బు పుచ్చుకొనుటకు పిన్ అక్కఱలేదు, ఇచ్చుటకే కావలయును. బ్యాంకు ఓటీపీని ఫోనులో అడుగువాఁడు ఎవఁడైనను మోసగాఁడే. నంబరు కావలసిన పాసుపుస్తకము మీఁదనో, బిల్లు మీఁదనో, కార్డు వెనుకనో అచ్చైనదానిని చూడుఁడు.

బ్రిటిషు ఇండియాలో 1860 నాఁటి శిక్షాస్మృతియందు మోసమునకు 420వ సెక్షను. ఆ సంఖ్యయే మోసగానికి మారుపేరయ్యెను. 2024 జూలై 1 నుండి దానికి బదులు భారతీయ న్యాయసంహిత 318వ సెక్షను. సంఖ్య మాఱినను నేరము మాఱలేదు. అయితే శిక్ష పిదపటి మాట. పోయిన ధనమును నిలుపునది వేగమే. మోసము తెలిసిన క్షణమున 1930కి ఫోను చేసి, బ్యాంకునకును చెప్పవలెను. ఆ ధనము ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు గడియలలో దాటిపోవును. చేతికి అందకముందే దానిని ఆపవలెను. 2017 నాఁటి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారము, రహస్యసంఖ్యను తానే చెప్పినవానికి, బ్యాంకునకు తెలియఁజేయువఱకు కలిగిన నష్టము తనదే; తెలియఁజేసిన పిమ్మట జరుగు నష్టము బ్యాంకుది. ఆలస్యము చేసినకొలఁది నష్టము మన తలకే చుట్టుకొనును.

ఇంతకును ఆలస్యమునకు మూలమేమి? సిగ్గు. నలుగురు నవ్వుదురని, కొడుకు కోపపడునని, వృద్ధుఁడు తన పింఛను పోయిన సంగతిని కడుపులో దాఁచుకొనును. మోసగాండ్రకు ఆ మౌనమే పెట్టుబడి. చదువుకొన్నవారును, ఉద్యోగులును మోసపోవుచుండఁగా, మోసపోవుట తెలివితక్కువతనమని యనుట న్యాయమా? పెద్దలారా! రచ్చబండ కడ మీరు కూర్చున్నప్పుడు ఎవఁడైన నట్టి కథ చెప్పిన, నవ్వకుఁడు. వాని చేతికి ఫోనిచ్చి 1930 నొక్కింపుఁడు. పూర్వము రాజు ముల్లు తీసెను. నేఁడు ఊరు ఊరంతయుఁ గలిసి తీయవలసియున్నది.