అంకెలకి కథ చెప్పడం నేర్పిన డాక్టరు

మన సాఫ్టువేరు జనాలకి ఒక గుడ్డి నమ్మకం ఉంది. డాటా కరెక్టుగా ఉంటే చాలు, మిగతాది చూసేవాడే అర్థం చేసుకుంటాడని. వైద్య చరిత్ర చూస్తే మాత్రం ఆ ముచ్చట ఎప్పుడూ తీరలేదు.

1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, పురుడు పోసే ముందు క్లోరిన్ నీళ్ళతో చేతులు కడుక్కోమన్నాడు. ఏప్రిల్లో నూటికి 18 మంది బాలింతలు పోయిన వార్డులో జూన్‌కల్లా ఆ లెక్క 2కి పడింది. ఇంతకంటే రుజువేం కావాలి? అయినా చాలామంది డాక్టర్లు నమ్మలేదు. ఆయనేమో 1861 దాకా దాని మీద పుస్తకమే రాయలేదు.

ఫ్లారెన్స్ నైటింగేల్ అలా కాదు. క్రిమియా యుద్ధంలో సైనికుల చావుల లెక్కల్ని 1858లో ఒక గుండ్రటి రంగుల బొమ్మగా వేయించింది. నెలకో ముక్క. గాయాలతో పోయినవాళ్ళు ఎరుపు, ఆపగలిగిన జబ్బులతో పోయినవాళ్ళు నీలం. నీలం ముందు ఎరుపు ఆనదు. శత్రువు కంటే మురికే ఎక్కువమందిని చంపిందని చెప్పడానికి ఇక ఉపన్యాసం ఎందుకు?

ఇదే పని కంప్యూటరు మీద చేసినవాడు స్వీడన్ డాక్టరు హాన్స్ రోస్లింగ్. 1972లో బెంగుళూరులో ప్రజారోగ్యం చదువుకున్నాడు, తర్వాత మొజాంబిక్‌లో వైద్యం చేశాడు. ప్రొఫెసరయ్యాక తన విద్యార్థులకి ఓ పరీక్ష పెట్టాడు. రెండేసి దేశాల పేర్లిచ్చి, ఎక్కడ పసిపిల్లలు ఎక్కువ చనిపోతున్నారో చెప్పమన్నాడు. అయిదింటికి సగటున 1.8 వచ్చాయి. కోతి కళ్ళు మూసుకుని ఎంచినా 2.5 వస్తాయి :) అంటే వాళ్ళకి తెలియకపోవడం కాదు, తప్పుగా తెలుసు!

అప్పుడు కొడుకు ఓలా, కోడలు అన్నాతో కలిసి ట్రెండలైజర్ అనే సాఫ్టువేరు తయారుచేశాడు. ఒక్కో దేశం ఒక్కో బుడగ. అడ్డంగా తల్లికి ఎంతమంది పిల్లలు, నిలువుగా ఎన్నేళ్ళ ఆయుర్దాయం. 2006 టెడ్ సభలో 1962 నుంచి 2003 దాకా బుడగల్ని పరిగెత్తిస్తూ, క్రికెట్ మ్యాచికి చెప్పినట్టు రన్నింగు కామెంటరీ చెప్పాడు. యుద్ధం నుంచి బయటపడ్డ వియత్నాం 2003కల్లా 1974 నాటి అమెరికాని అందుకుంది. హెచ్ఐవీ కొన్ని ఆఫ్రికా దేశాల్ని కిందికి లాగేసింది. 2007లో ఆ సాఫ్టువేరుని గూగుల్ కొనుక్కుంది. 2009లో ఆయన మన మైసూరు ఇన్ఫోసిస్ క్యాంపస్‌కి కూడా వచ్చి మాట్లాడాడు. జనం డబ్బుతో పోగేసిన లెక్కలు జనానికివ్వాలని పోరాడాడు. 2010లో ప్రపంచ బ్యాంకు తన డాటాని అందరికీ తెరిచింది.

కథకి ఇంత బలముంది కాబట్టే భయం కూడా. 1998లో వేక్‌ఫీల్డ్, కేవలం 12 మంది పిల్లల్ని చూపించి ఎంఎంఆర్ టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టాడు. లాన్సెట్ ఆ పేపరుని వెనక్కి తీసుకునేసరికి 2010. ఈలోగా బ్రిటన్‌లో టీకాలు తగ్గాయి, తట్టు తిరిగొచ్చింది. నిజం చెప్పేవాళ్ళు పట్టికల దగ్గరే ఆగిపోతే, ఆ ఖాళీలో అబద్ధం కథ చెప్పేస్తుంది.

మన దగ్గర డాటా లేదా అంటే, ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మీ జిల్లా పిల్లల్లో నూటికి ఎంతమందికి రక్తహీనత ఉందో కూడా ఉంది, పీడీఎఫ్ పట్టికల్లో. ఓలా, అన్నా డాక్టర్లేమీ కారు. మరి ఆ పట్టికకి ప్రాణం పోయడానికి మనకేం అడ్డొచ్చింది?