బృహద్ధమని గాయం: చిత్రణ పద్ధతుల పరిణామం

గుర్రం మీద నుంచి పడిన ఒక వ్యక్తి మృతదేహంలో బృహద్ధమని గాయాన్ని 1557లో వెసాలియస్ గుర్తించాడు. ఆ తరువాత కొన్ని శతాబ్దాల పాటు ఈ గాయం ఎక్కువగా శవపరీక్ష బల్ల మీదనే బయటపడింది. 1958లో పార్మ్‌లీ, అతని సహచరులు ప్రచురించిన ప్రసిద్ధ పరిశీలనకు కూడా శవపరీక్షలే ప్రధానాధారం. ఛాతీకి చర్మం తెగని బలమైన దెబ్బ తగిలి బృహద్ధమని చిట్లినవారిలో దాదాపు 85 శాతం వెంటనే మరణించినట్లు అందులో తేలింది. మిగిలిన కొద్దిమందిని సకాలంలో గుర్తించడం ఎట్లా?

తొలి సాధనం ఛాతీ ఎక్స్‌రే. ఊపిరితిత్తుల నడుమ ఉండే మధ్యఛాయ 8 సెంటీమీటర్లకు మించడం, ధమని వంపు అంచు మసకబారడం, శ్వాసనాళం కుడివైపు ఒరగడం, ఎడమ ఊపిరితిత్తి శిఖరాన టోపీలా నీడ పరచుకోవడం గుర్తులుగా స్థిరపడ్డాయి. అయితే ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఎక్స్‌రేలో నీడగా కనిపించే రక్తం చాలాసార్లు బృహద్ధమనిది కాదు, చుట్టూ ఉన్న చిన్న రక్తనాళాలు తెగి కారినది. ధమని వెలుపలి పొర కూడా పూర్తిగా తెగితే రోగి సాధారణంగా ఎక్స్‌రే గది దాకా రాడు. అంటే వైద్యుడు చదివినది పొరుగువాడి సాక్ష్యం. పైగా రోగిని వెల్లకిలా పడుకోబెట్టి తీసిన చిత్రంలో ఏ గాయమూ లేకున్నా మధ్యఛాయ వెడల్పుగానే కనబడుతుంది.

ప్రత్యక్ష సాక్ష్యం కోసం ధమనిలోకి రంజకద్రవం ఎక్కించి చిత్రించే ఆయార్టోగ్రఫీ వచ్చింది. 1929లో లిస్బన్‌లో దొస్ సాంతోస్ దీనికి దారి తీశాడు. ఎడమ చేతికి రక్తాన్నిచ్చే ధమని మొదలు దాటగానే ఉండే ఇస్త్మస్ భాగంలో చీలిక ఉబ్బుగా కనిపించేది. అక్కడే పుట్టుకతో ఉండే చిన్న ఉబ్బును గాయమని పొరబడే ప్రమాదమూ ఉండేది.

సీటీ స్కాన్ వేగం పెరిగిన కొద్దీ ఈ పద్ధతి వెనకబడింది. గాయ శస్త్రచికిత్సకు సంబంధించిన ఒక అమెరికన్ సంఘం తరఫున జరిగిన రెండు అధ్యయనాలలో మొదటిది 1997లో, రెండవది 2008లో వెలువడ్డాయి. ఆ మధ్యకాలంలో ఆయార్టోగ్రఫీ వినియోగం 87 నుంచి 8.3 శాతానికి తగ్గింది, సీటీ వినియోగం 34.8 నుంచి 93.3 శాతానికి పెరిగింది.

చూపు పదునెక్కడంతో గాయం నిర్వచనమూ మారింది. లోపొర చీలిక, గోడలో రక్తం చేరడం, వెలుపలికి ఉబ్బడం, పూర్తి చిట్లుడు అన్న నాలుగు అంచెల వర్గీకరణ 2009లో వచ్చింది. మొదటి అంచె గాయాలు చాలావరకు రక్తపోటును అదుపులో ఉంచితే వాటంతట అవే మానుతాయి. ఎక్స్‌రే కాలంలో అవి ఎవరి లెక్కలోకీ ఎక్కకుండానే మాని ఉండవచ్చు. కాబట్టి 1958 నాటి మరణాల శాతాన్ని ఈనాటి శాతం పక్కన ఉంచి చికిత్స పురోగతిని కొలవడం సరికాదు, ఆ రెండు లెక్కల్లోని రోగులు ఒకే రకం వారు కారు.