నేర్పే చోటుని పోటీకి దింపితే: ఎన్‌ఎక్స్‌టీ కథ

చిన్నప్పుడు మనం ఆడిన డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డుల మీద ఎత్తు, బరువు, ఛాతీ, ర్యాంకు అన్నీ ఉండేవి. ఆ మనిషి పని ఎక్కడ నేర్చుకున్నాడో మాత్రం ఉండేది కాదు. మొన్నటి ఎపిసోడ్‌లో ఎన్‌ఎక్స్‌టీ గురించి రెండు ముక్కల్లో దాటేశాం. అందుకే ఆ నేర్చుకునే చోట్ల చరిత్ర ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు, అందులో దాపరికం ఏం లేదు. కానీ వీపు మీద పడటం నిజం. ఎదుటివాడి మెడకి ఏమీ కాకుండా ఎత్తి పడేయడం నిజం. తప్పు చేసినా పర్లేదు అనే చోట ముందు నేర్చుకుని రావాల్సిన పని అది.

డబ్ల్యూసీడబ్ల్యూ కంపెనీకి అట్లాంటాలో పవర్ ప్లాంట్ అని ఒక స్కూల్ ఉండేది. గోల్డ్‌బర్గ్ అక్కడే తయారయ్యాడు. 1997 సెప్టెంబర్‌లో టీవీలోకి వచ్చి, 1998 జూలైకల్లా ప్రపంచ ఛాంపియన్ అయిపోయాడు. జనం వెర్రెత్తిపోయారు. 1999 డిసెంబర్‌లో స్టార్‌కేడ్ షోలో అతను కొట్టిన ఒక కిక్ బ్రెట్ హార్ట్ తలకి గట్టిగా తగిలింది. ఆ దెబ్బ నుంచి కోలుకోలేక హార్ట్ 2000లో రిటైర్ అయ్యాడు. తొందరగా పైకి తెస్తే ఎంత ఖర్చవుతుందో ఆ ఒక్క కిక్ చెబుతుంది.

అదే కాలంలో ఇవతలి కంపెనీ వేరే దారి పట్టింది. 2000 నుంచి 2008 దాకా కెంటకీలోని లూయివిల్‌లో ఉన్న ఒహాయో వ్యాలీ రెజ్లింగ్‌కి తన కుర్రాళ్ళని పంపేది. దానికి లోకల్ టీవీలో సొంత షో ఉండేది. జాన్ సీనా, బ్రాక్ లెస్నర్, రాండీ ఆర్టన్, బటిస్టా అక్కడ చిన్న జనం ముందు ఆడి ఆడి, 2002లో పెద్ద తెర మీదకి వచ్చారు.

ఎన్‌ఎక్స్‌టీ మొదట 2010లో ఒక పోటీ షోగా మొదలైంది. 2012లో ఫ్లోరిడాలోని శిక్షణ కంపెనీకే ఆ పేరు పెట్టి, ఫుల్ సెయిల్ యూనివర్సిటీలో షూట్ చేశారు. తొలి ఛాంపియన్ సెత్ రోలిన్స్. 2013 జూలైలో ఆర్లాండోలో ఏడు రింగులతో పెర్ఫార్మెన్స్ సెంటర్ తెరిచారు. మైకులో మాట్లాడటం నేర్పింది డస్టీ రోడ్స్ అంతటివాడు.

అసలు షోకీ దీనికీ తేడా చూడాలంటే 2015 చాలు. ఫిబ్రవరిలో రా షోలో ఆడవాళ్ళ ట్యాగ్ మ్యాచ్ 30 సెకన్లలో అయిపోయింది. సోషల్ మీడియాలో జనం మండిపడ్డారు. అదే సంవత్సరం అక్టోబర్‌లో ఎన్‌ఎక్స్‌టీలో బేలీ, సాషా బ్యాంక్స్ 30 నిమిషాల మ్యాచ్ ఆడారు, అదీ మెయిన్ ఈవెంట్‌గా. ఇద్దరిదీ ఒకే కంపెనీ, యజమాని ఒక్కడే. అక్కడ నేర్చుకునేవాళ్ళకి టైం ఇచ్చారు, అంతే. 2019 రెజిల్‌మేనియాలో ఆడవాళ్ళు చివరి మ్యాచ్ ఆడారంటే దానికి పునాది అక్కడే పడింది. ఆ మ్యాచ్‌లోని బెకీ లించ్, షార్లెట్ ఇద్దరూ ఎన్‌ఎక్స్‌టీ నుంచి వచ్చినవాళ్ళే.

అదే ఏడాది ఏఈడబ్ల్యూ వచ్చింది. కెన్నీ ఒమెగా లాంటివాళ్ళు జపాన్‌లో, చిన్న కంపెనీల్లో ముందే పండినవాళ్ళు. 2019 అక్టోబర్ 2, బుధవారం దాని డైనమైట్ షో మొదలైంది. దానికి ఎదురుగా డబ్ల్యూడబ్ల్యూఈ నిలబెట్టింది రాని కాదు, స్మాక్‌డౌన్‌ని కాదు, శిక్షణ షో అయిన ఎన్‌ఎక్స్‌టీని. తొలి రాత్రి డైనమైట్‌కి 14 లక్షల మంది, ఎన్‌ఎక్స్‌టీకి 9 లక్షల లోపు. ఆ తర్వాత కూడా ఎక్కువ వారాలు అదే వరస. 2021 ఏప్రిల్‌లో ఎన్‌ఎక్స్‌టీ మంగళవారానికి జరిగిపోయింది.

నేను ఐటీఐ చదివి, సైట్‌లో కుర్రాళ్ళకి పని చెప్పేవాణ్ణి. వెల్డింగ్ నేర్చుకునేవాడికి ముందు తుక్కు ముక్కలే ఇస్తాం. మనుషులు చాలట్లేదని వాణ్ణి మెయిన్ పనికి లాగితే ఆ రోజు గడుస్తుంది, కానీ పనివాడు తయారవ్వడు. ఎన్‌ఎక్స్‌టీలో జరిగింది ఇదే. వారం వారం రెండు గంటల లైవ్, రేటింగ్ లెక్క. దాంతో బయట పదేళ్ళు ఆడి వచ్చినవాళ్ళే ముందు నిలబడ్డారు, కొత్తవాళ్ళు వెనక్కి పోయారు. చివరికి అక్కడ 403 రోజులు ఛాంపియన్‌గా ఉన్న ఆడమ్ కోల్ కూడా 2021 సెప్టెంబర్‌లో ఏఈడబ్ల్యూకే వెళ్ళిపోయాడు.

అదే నెలలో ఎన్‌ఎక్స్‌టీ 2.0 అని పేరు మార్చి, రంగులు మార్చి మళ్ళీ కుర్రాళ్ళని దింపారు. పాత అభిమానులు నవ్వారు. ఆ మొదటి రాత్రి దిగినవాడే బ్రాన్ బ్రేకర్. 2024 ఆగస్టులో ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ గెలిచాడు. షో స్థాయి పడిపోయిందన్నారు గానీ, స్కూల్ మళ్ళీ స్కూల్ అయింది.

2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో సీనా, రోలిన్స్ ఒక జట్టు. అవతల లుడ్విగ్ కైజర్, జియోవాని విన్సీ. ఒకరు ఒహాయో వ్యాలీలో తేలినవాడు, ఒకరు ఎన్‌ఎక్స్‌టీ తొలి ఛాంపియన్, మిగతా ఇద్దరూ ఎన్‌ఎక్స్‌టీ ట్యాగ్ ఛాంపియన్లుగా చేసినవాళ్ళు. మన ఊళ్ళో ఆ రాత్రి రింగులో ఉన్న నలుగురూ చిన్న హాళ్ళలో పడి లేచి వచ్చినవాళ్ళే. మీలో ఎవరైనా ఆ రోజు స్టేడియంలో ఉంటే ఒక వాయిస్ మెసేజ్ పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో వినిపిద్దాం.