ఇద్దరు షేర్ అలీలు, ఒక వైస్రాయి

‘షేర్’ అంటే పారసీలో సింహం. హైదరాబాదు వీధుల్లో అదే మాట పులికీ చెల్లుతుంది. ప్రవక్త అల్లుడు అలీకి దైవసింహమని బిరుదు: అరబ్బీలో అసదుల్లా, పారసీలో షేర్-ఎ-ఖుదా. ఆ బిరుదూ పేరూ కలిసి షేర్ అలీ అయింది. అఫ్గనిస్తాన్ నుంచి బెంగాల్ దాకా ఈ పేరుగలవాళ్లు కోకొల్లలు. కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీలో ఉర్దూ వచనం రాసిన మీర్ షేర్ అలీ అఫ్సోస్ వారిలో ఒకడు. అండమాన్‌లో మాత్రం ఈ పేరు వినగానే గుర్తొచ్చేది షేర్ అలీ అఫ్రీదీ.

ఖైబర్ పక్కనున్న తీరా లోయ అతని సొంత ప్రాంతం. పంజాబు ఆశ్విక పోలీసులో పనిచేశాడు, పెషావర్ కమిషనర్ దగ్గర కొలువు చేశాడు. వంశకక్షలో బంధువును చంపినందుకు 1867లో ఉరిశిక్ష పడింది. అది ద్వీపాంతరవాసంగా మారి, 1869లో అతన్ని పోర్ట్ బ్లెయిర్ చేర్చింది. సత్ప్రవర్తన వల్ల కొంత స్వేచ్ఛ దొరికి, హోప్‌టౌన్‌లో తోటి ఖైదీలకు క్షవరాలు చేసేవాడు.

అదే 1869 మార్చిలో మరో షేర్ అలీ అంబాలా దర్బారుకు వచ్చాడు. ఆయన దోస్త్ మహమ్మద్ కొడుకు, కాబూల్ అమీర్. కొత్త వైస్రాయి లార్డ్ మేయో ఆయనను ఘనంగా ఆదరించాడు. డబ్బూ ఆయుధాలూ ఇచ్చాడు గానీ, అమీర్ అడిగిన ఒప్పందం మాత్రం చేసుకోలేదు. ఒక షేర్ అలీని అలా సాగనంపిన మేయో మరో షేర్ అలీ చేతిలో పోయాడు. కాకతాళీయమే అయినా, చరిత్ర చదివేవాళ్లు ఇద్దరినీ కలగాపులగం చేయడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

1872 ఫిబ్రవరి 8న మేయో ‘గ్లాస్గో’ ఓడలో వచ్చి ఖైదీల స్థావరాలు చూశాడు. రోగులకు ఆరోగ్య కేంద్రం కట్టడానికి అనువుగా ఉంటుందేమోనని మౌంట్ హారియట్ ఎక్కి, అక్కడే సూర్యాస్తమయం చూసి దిగాడు. చీకటి పడింది. కాగడాల వెలుగులో హోప్‌టౌన్ రేవు మీద నడుస్తుండగా అఫ్రీదీ వెనుకనుంచి దూకి వీపులో కత్తి దించాడు. మేయో నీళ్లలో పడ్డాడు. మోకాటి లోతులో లేచి నిలబడి, ముఖం మీది జుట్టు వెనక్కి తోసుకున్నాడు. గట్టు మీదికి చేర్చిన కొద్దిసేపటికే ప్రాణం పోయింది. ఓడలో భార్య ఎదురుచూస్తోంది. పదవిలో ఉండగా హతుడైన వైస్రాయి మేయో ఒక్కడే.

కుట్రదారుల కోసం ఎంత వెతికినా ఎవరూ దొరకలేదు. తనకు తోడు దేవుడేనని అఫ్రీదీ చెప్పాడు. మార్చి 11న వైపర్ దీవిలో ఉరితీశారు.

అమీర్ కథా బ్రిటిష్‌వారితో పోరులోనే ముగిసింది. 1878లో రెండో అఫ్గన్ యుద్ధం రాగా, మరుసటి ఏడు మజారె షరీఫ్‌లో చనిపోయాడు. 1880లో బ్రిటిష్‌వారు కాందహారుకు వలీగా నిలబెట్టిన సర్దారు పేరూ షేర్ అలీయే!

అఫ్రీదీని స్వాతంత్ర్య వీరుడిగా తలచుకునేవారున్నారు. అంతకుముందు అదే సర్కారు కొలువులో ఉన్నాడని, శిక్ష పడింది రాజద్రోహానికి కాదని గుర్తుచేసేవారూ ఉన్నారు. మేయో దిగివచ్చిన కొండ పేరు 2021లో మౌంట్ మణిపూర్‌గా మారింది. 1891 యుద్ధం తర్వాత అక్కడికి పంపిన మణిపురి ఖైదీల జ్ఞాపకార్థం ఆ పేరు పెట్టారు.